ఎడారి ఉంచారు, మాట తీసేశారు

2020 సెప్టెంబర్ 9న 'డ్యూన్' సినిమా ట్రైలర్ వచ్చింది. దాని కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన అభిమానులు ఆ మూడు నిమిషాల్నీ ఆపి ఆపి చూశారు. ఇసుక పురుగు నోరు ఎంత పెద్దగా ఉంది, ఫ్రెమెన్ల కళ్లు ఎంత నీలంగా ఉన్నాయి, కత్తులు ఎలా ఉన్నాయి అని లెక్కలు తీశారు. మేం మాత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయాం. రాబోయే యుద్ధం గురించి చెబుతూ కుర్ర కథానాయకుడు దాన్ని 'క్రూసేడ్' అన్నాడు. పుస్తకం చదివినవాళ్లకి తెలుసు, ఆ యుద్ధానికి పుస్తకం పెట్టిన పేరు అది కాదు. ఆ పేరు 'జిహాద్'.

మాట మారితే ఏం కొంపలు మునిగాయని సెక్యులర్ మిత్రులు అడిగారు. 'పీడా పోయింది, మీకే మంచిది కదా' అని కూడా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ మాకు మంచిదో కాదో తేల్చింది ఎవరు? మమ్మల్ని అడిగారా? దీనికి జవాబు చెప్పాలంటే అరవై ఏళ్ల వెనక్కి పోవాలి. ఒక కథ పుట్టిన వైనం, ఆ కథ గురించిన ప్రతి ఖబరునీ వెంటపడి పట్టుకున్న అభిమానుల వైనం, ఆ ఖబర్లలో మా మాటలు ఒక్కొక్కటే రాలిపోయిన వైనం చెప్పుకోవాలి.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. వేల ఏళ్ల తర్వాతి కాలం. అర్రాకిస్ అనే ఎడారి గ్రహం. అక్కడ మాత్రమే దొరికే ఒక మసాలా లేకపోతే నక్షత్రాల మధ్య ఓడలు కదలవు. ఆ గ్రహం మీద పుట్టి పెరిగినవాళ్లు ఫ్రెమెన్లు. చెమటచుక్కని కూడా వృథా పోనివ్వకుండా బతికే జనం. పైనుంచి వచ్చిన దొరలు మసాలా తవ్వుకుపోతుంటారు. ఒక దొర హతమైతే అతని కొడుకు పాల్, తల్లి జెస్సికాతో పాటు ఫ్రెమెన్లలో తలదాచుకుంటాడు. తాము ఎదురుచూస్తున్న మహదీ ఇతడేనని వాళ్లు నమ్ముతారు. వాళ్ల బలంతో అతడు చక్రవర్తినే దించుతాడు. ఆ తర్వాత అతని పేరుమీద లోకాలన్నిటా జరిగే నరమేధాన్ని అతడే ఆపలేకపోతాడు.

ఇక ఆ పుస్తకంలోని మాటలు చూడండి. చక్రవర్తి 'పాదిషా'. మన పాదుషానే. తెగ పెద్ద 'నాయిబ్'. తెలుగు రైతుకి నాయబ్ తహసీల్దారు తెలియకపోతే కదా! పాల్‌కి ఫ్రెమెన్లు పెట్టిన రహస్య నామం 'ఉసూల్'. అతని బయటి పేరు 'మువద్దిబ్', అంటే అదబ్ నేర్పే ఉస్తాద్. ప్రాణాలకి తెగించిన అతని అంగరక్షకులు 'ఫెదాయికిన్లు', అంటే ఫిదాయీలు. ఎడారిలో తిరిగే మహా పురుగు పేరు 'షై హులూద్', అంటే ఖులూద్ ఉన్న వస్తువు, చావు లేనిది. ఇల్మ్ ఉంది, ఫిఖ్ ఉంది, షైతాన్ ఉన్నాడు, బిలా కైఫా ఉంది. మా నానీలు, దాదీలు పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే పుల్‌సిరాత్ వంతెన కూడా 'సిరాత్' పేరుతో పుస్తకం చివరి పదకోశంలో ఉంది. ఫ్రెమెన్ల పూర్వీకులు ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి తరిమివేయబడ్డ 'జెన్‌సున్నీలు'. తమని హజ్‌కి పోనివ్వలేదన్న పాత గాయాన్ని తరతరాలుగా తలచుకునే జనం.

పాల్‌కి ఇంకో బిరుదుంది, 'లిసాన్ అల్ గైబ్'. ఉర్దూ, ఫార్సీ సాహిత్యం వాసన తెలిసిన ఇళ్లల్లో ఇది హాఫిజ్ షీరాజీ బిరుదు. గైబ్ నుంచి పలికే నాలుక. ఏదైనా పని మొదలుపెట్టే ముందు ఆయన దీవాన్ తెరిచి ఫాల్ చూసుకోవడం ఇరాన్ నుంచి దక్కన్ దాకా ఉన్న అలవాటే. 14వ శతాబ్దపు షీరాజ్ కవి బిరుదు ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ నవలలో ఎడారి నాయకుడికి దక్కింది. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంతలో కొన్న ప్రతిలో మేం ఆ మాట మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, గర్వమూ అనిపించింది. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో మాకంటే బాగా ఇంగ్లీషు వచ్చిన దోస్తులు పుస్తకం వెనక పదకోశం తిప్పుకుంటూ తంటాలు పడుతుంటే, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన మేం తిప్పకుండానే చదివాం. జీవితంలో అటువంటి సందర్భాలు మాకు ఎక్కువ రాలేదు లెండి.

ఈ మాటలు ఎక్కడివి? రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ మాలాగే పత్రికల మనిషి. శాన్ ఫ్రాన్సిస్కోలో దినపత్రికలో పనిచేశాడు. 1957లో ఒరెగాన్ సముద్రతీరంలో ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర ఇసుక దిబ్బలు కదిలివచ్చి రోడ్లనీ ఇళ్లనీ ముంచుతుంటే ప్రభుత్వం వాటి మీద గడ్డి నాటించి ఆపుతోందని తెలిసి వ్యాసం రాయడానికి పోయాడు. ఆ వ్యాసం అచ్చు కాలేదు. పోగేసిన సమాచారం మాత్రం వదల్లేదు. ఎడారులు, ఎడారి మతాలు, ఎడారి తిరుగుబాట్లు చదువుతూ పోయాడు. ఆ చదువులో ఒక ముఖ్యమైన పుస్తకం 1960లో లెస్లీ బ్లాంచ్ రాసిన 'ద సేబర్స్ ఆఫ్ ప్యారడైజ్'. అది కాకసస్ కొండల్లో రష్యా జార్ సైన్యాల్ని పాతికేళ్లపాటు నిలవరించిన ఇమామ్ షామిల్ చరిత్ర. షామిల్ 1859లో గునీబ్ కొండమీద పట్టుబడ్డాడు. 1871లో మదీనాలో కన్నుమూశాడు. 'డ్యూన్'లో ఫ్రెమెన్ల రహస్య భాష పేరు 'చకోబ్సా', వంశాల మధ్య పగకి పేరు 'కన్లీ'. రెండూ ఆ కాకసస్ పుస్తకం నుంచి తీసుకున్నవే. మసాలా వెనక ఉన్నది చమురేనని హెర్బర్ట్ తర్వాత తనే రాశాడు. కథలోని మసాలా వ్యాపార సంస్థని ఒపెక్‌తో పోల్చాడు.

అంటే ఒక పెద్ద అమెరికన్ కల్పన పునాదిలో దాగిస్తాన్ ముస్లింల పోరాటం ఉంది, అరబ్బుల చమురు ఉంది, మా నమాజు పుస్తకాల్లోని మాటలున్నాయి. ఇది ఎవరో ముస్లిం అభిమానులు లాక్కొచ్చి అంటించిన అర్థం కాదు.

పుస్తకం బయటికి రావడమే ఒక కథ. 'అనలాగ్' పత్రికలో 1963 డిసెంబర్ నుంచి ఒక ధారావాహిక, 1965లో ఇంకోటి వచ్చాయి. రెండూ కలిపి పుస్తకం చేద్దామంటే ఇరవైకి పైగా ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి 1965లో చిల్టన్ అనే కంపెనీ వేసింది. మోటారు కార్ల రిపేరు పుస్తకాలకి పేరుపడ్డ కంపెనీ అది! మరుసటి ఏడాది హ్యూగో అవార్డు ఇంకో నవలతో పంచుకుంది, మొట్టమొదటి నెబ్యులా అవార్డు గెలిచింది. కాలేజీ కుర్రకారు చేతులు మారి మారి పెరిగింది. 1969లో 'డ్యూన్ మెసయ్య', 1976లో 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్', 1985 నాటికి మొత్తం ఆరు నవలలు. 1986లో రచయిత పోయాడు. కథ పోలేదు. 1999 నుంచి ఆయన కొడుకు బ్రయన్, కెవిన్ ఆండర్సన్‌తో కలిసి ముందు కథలూ వెనక కథలూ రాస్తూనే ఉన్నాడు.

అభిమానులు ఖబర్ కోసం కాచుకోవడం ప్రారంభమైంది అసలు సినిమా వల్ల. 1971లో ఒక నిర్మాత హక్కులు కొన్నాడు, 1973లో చనిపోయాడు. తర్వాత అలెహాంద్రో హోదరోవ్‌స్కీ అనే చిలీ దర్శకుడు సాల్వదోర్ దాలీని చక్రవర్తి వేషం వేయమని అడిగాడు, మోబియస్ చేత వేల బొమ్మలు గీయించాడు. ఒక్క షాటు కూడా తీయలేకపోయాడు. తీయని ఆ సినిమా గురించే 2013లో ఒక డాక్యుమెంటరీ వచ్చిందంటే అభిమానుల ఆకలి ఎటువంటిదో చూడండి. ఆ తర్వాత రిడ్లీ స్కాట్ వచ్చాడు, పోయాడు. చివరికి డేవిడ్ లించ్ 1984లో తీశాడు. నాలుగు కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. జనానికి అర్థం కాదేమోనని భయపడి కొన్ని థియేటర్లలో మాటలకి అర్థాలు అచ్చేసిన కాగితాలు పంచిపెట్టారు. టిక్కెట్టుతో పాటు నిఘంటువు! అయినా సినిమా నిలబడలేదు. 2000లో టీవీకి తీశారు, 2003లో దాని కొనసాగింపు. 2008లో మళ్లీ సినిమా అన్నారు, దర్శకులు మారారు, 2011లో పారామౌంట్ చేతులెత్తేసింది.

ఈ ఇంతజార్ మాకు కొత్తది కాదు. ఇబ్నె సఫీ జాసూసీ నవలల కోసం ఉర్దూ పాఠకులు నెలనెలా కాచుకున్నారు. 1960లో ఆయన జబ్బు పడి మూడేళ్లు రాయకపోతే, ఇవాళ రాస్తాడు రేపు రాస్తాడని ఎదురుచూసి, 1963లో 'డేఢ్ మత్‌వాలే' వచ్చినప్పుడు పండగ చేసుకున్నారు. ఆయన నవలల్లో కిరణాల ఆయుధాలూ, ప్రపంచానికి తెలియని జీరో ల్యాండూ ఉంటాయి. అంతకుముందు లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్లు అమీర్ హమ్జా దాస్తాన్‌ని 46 సంపుటాలుగా అచ్చేశారు. ఒక కథాలోకం ముగియకుండా సాగుతుంటే దాని వెంట సాగిపోవడం మా ఇళ్లల్లో ఉన్న జబ్బే. అందుకే 'డ్యూన్' అభిమానుల పిచ్చి మాకు పిచ్చిగా అనిపించదు.

అసలు విషయానికి వద్దాం. 2001 సెప్టెంబర్ 11 తర్వాత లోకం ఆ మాటని చూసే చూపు మారింది కాబట్టి సినిమావాళ్లు మార్చుకున్నారని అందరూ అనుకుంటారు. మరి ఇది వినండి. 2002లో, న్యూయార్క్ జంట భవనాల శిథిలాలు ఇంకా అందరి కళ్లముందు ఉన్న రోజుల్లో, బ్రయన్ హెర్బర్ట్, ఆండర్సన్ రాసిన నవల పేరు 'డ్యూన్: ద బట్లేరియన్ జిహాద్'. అట్టమీదే, పెద్ద అక్షరాల్లో. అమెరికాలోనే అచ్చయింది. బాగా అమ్ముడుపోయింది. ఆ జిహాద్ ఆలోచించే యంత్రాల మీద మనుషులు చేసిన యుద్ధం. సైన్స్ ఫిక్షన్ అభిమానులకి అది ఇస్లాం మాటగా కూడా వినిపించలేదేమో, తమ కథలో మాటగా వినిపించింది. అటువంటి మాట 18 ఏళ్ల తర్వాత నాయకుడి నోట్లోకి రాలేకపోయింది. అంటే మార్చింది 2001 ఒక్కటే కాదు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు కూడా.

2016 నవంబర్‌లో లెజెండరీ సంస్థ హక్కులు కొన్నదని వార్త. 2017లో డెనీ విల్నవ్ దర్శకుడని వార్త. 2018, 2019లలో నటీనటుల పేర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ప్రతి పేరుకీ అభిమానులు చర్చలు చేశారు. ముస్లిం అభిమానులు, ముఖ్యంగా అమెరికాలో యూరప్‌లో ఉన్న అరబ్ కుర్రకారు, ఆ జాబితాలో వేరేది వెతుకుతున్నారు. ఫ్రెమెన్ల పెద్ద స్టిల్గార్‌గా స్పెయిన్ నటుడు హావియర్ బార్దెమ్. చానీగా జెండాయా. మిగతా పాత్రల్లో నల్లజాతి నటులు ఉన్నారు, సంతోషమే. అరబ్బులేరి? ఇరానీలేరి? షూటింగ్ మాత్రం జోర్డాన్‌లోని వాదీ రమ్‌లో, అబుదాబీ ఇసుకలో. 2021లో సినిమా వచ్చాక హారిస్ దుర్రానీ వంటి ముస్లిం రచయితలు ఈ ప్రశ్నే రాశారు. పుస్తకం ఇస్లాంతో లోతుగా మాట్లాడిందనీ, సినిమా దాని పైపై రంగుల్ని మాత్రమే తీసుకుందనీ వాళ్ల వాదన. 2024 రెండో భాగంలో ట్యునీషియా మూలాలున్న సుహైలా యాకూబ్‌కి షిషక్లీ అనే ఒక పాత్ర ఇచ్చారు. కథని నడిపే ముఖ్య ఫ్రెమెన్ పాత్రలు మాత్రం ముందున్నట్టే ఉండిపోయాయి.

ట్రైలర్ వచ్చిన వారం మన దేశంలో ఏం జరుగుతోందో గుర్తుందా? మార్చి చివర్లో తబ్లీగీ జమాత్ పేరుతో మొదలైన 'కరోనా జిహాద్' ప్రచారం ఇంకా చల్లారలేదు. ఆ జమాత్‌కి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసుల్ని ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టేసింది, వాళ్లని బలిపశువుల్ని చేశారని చెప్పింది. అయినా వీధిలో కూరగాయలమ్మే మా వాళ్ల వంక చూసే చూపు కోర్టు తీర్పుతో మారలేదు. సెప్టెంబర్ 11న ఒక హిందీ చానెల్ సివిల్ సర్వీసు పరీక్ష పాసైన ముస్లిం పిల్లల మీద 'యూపీఎస్సీ జిహాద్' అని ధారావాహిక కార్యక్రమం మొదలుపెట్టింది. 15న సుప్రీంకోర్టు ఆపించింది. ఆ ఒక్క వారంలో ఒక దేశంలో ఆ మాటని కథానాయకుడి నోట్లోంచి తీసేశారు, ఇంకో దేశంలో అదే మాటని పరీక్ష రాసి గెలిచిన పిల్లల మెడలో వేశారు. కథలో గౌరవంగానో భయంగానో నిలబడగలిగిన చోట దానికి తావు లేదు. మమ్మల్ని తిట్టడానికైతే తావే తావు.

మేం రోజూ ఉర్దూ కాపీని తెలుగులోకి మార్చే పని చేస్తాం. ఉర్దూ పత్రికలో కార్మికుల సమ్మె 'జద్దోజహద్'. తెలంగాణ ఉద్యమం జద్దోజహద్. స్వాతంత్ర్య సమరయోధుడు 'ముజాహిదె ఆజాదీ'. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడిచేసిన తుర్రెబాజ్ ఖాన్ ముజాహిదే, భగత్‌సింగ్ ముజాహిదే. అన్నిటికీ ధాతువు ఒక్కటే, జ-హ-ద, అంటే శక్తికొద్దీ పాటుపడటం. మేం 'జద్దోజహద్'ని 'పోరాటం' అని తెలుగు చేస్తే డెస్కులో ఎవరూ తలెత్తరు. 'ముజాహిదె ఆజాదీ' సమరయోధుడైపోతాడు. 'జిహాద్' ఒక్కటి మాత్రం తెలుగు కాదు. అది తెలుగు పత్రికలో అట్లాగే, అరబ్బీలోనే, కొమ్ములతో నిలబడాలి. అన్నదమ్ములందరికీ తెలుగు పౌరసత్వం ఇచ్చి ఒక్కడికి మాత్రం పరాయి ముద్ర కొట్టినట్టు.

సినిమావాళ్ల వైపు వాదనలు కూడా వినాలి కదా. ఒకటి, హెర్బర్ట్ కూడా కొన్నిచోట్ల 'క్రూసేడ్' అని వాడాడు, జిహాద్‌కి అర్థం చెప్పేటప్పుడు ఆ మాటే తెచ్చాడు. నిజమే. కానీ అర్థం చెప్పడానికి వాడిన మాటా, యుద్ధానికి పెట్టిన పేరూ ఒకటి కావు. రెండోది భాషాశాస్త్రం వాదన. సినిమాకి చకోబ్సా భాషని తయారుచేసిన డేవిడ్ పీటర్సన్, అన్ని వేల ఏళ్ల తర్వాత అరబ్బీ మాటలు గుర్తుపట్టే రూపంలో మిగలడం అసాధ్యమని అన్నాడు. శాస్త్రం ప్రకారం ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ వేల ఏళ్ల తర్వాత కూడా హీరో పేరు పాల్. తల్లి పేరు జెస్సికా. కత్తి నేర్పినవాడి పేరు డంకన్. ఆ పేర్లకి కాలం చెద పట్టలేదు. కాలం మా మాటలకే పగవాడా?

మూడో వాదన బరువైనది, దాన్ని దాటిపోలేం. హెర్బర్ట్ రాసిన జిహాద్ ఏమన్నా అందమైనదా? కాదు. 'డ్యూన్ మెసయ్య'లో పాల్ తన పేరుమీద చచ్చినవాళ్ల లెక్క తనే చెబుతాడు, 6,100 కోట్ల మంది. 90 గ్రహాలు నిర్జీవం. హిట్లర్‌తో, చెంగిజ్ ఖాన్‌తో తనని పోల్చుకుంటాడు. మహదీ వస్తాడన్న నమ్మకం కూడా ఫ్రెమెన్లది కాదు, బెనె జెసెరిట్ అనే స్త్రీల సంఘం ఎప్పుడో తమ స్వార్థం కోసం నాటిపోయిన వదంతి. ఒక జాతి విశ్వాసాన్ని ఎవరో విత్తనం వేసి మొలిపించిన మొక్కగా చూపడం, తెల్ల దొర కొడుకు వచ్చి వాళ్లకి నాయకుడు కావడం, ఇవి మమ్మల్ని గుచ్చుతూనే ఉన్నాయి. ఒకటి చెప్పాలి, నాయకుణ్ణి దేవుణ్ణి చేసుకోవద్దనే హెర్బర్ట్ ఆ కథ రాశాడు, ఆ మాట జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఫ్రెమెన్లని ఎక్కిరించడానికి రాయలేదు. వాళ్లకి చరిత్ర ఇచ్చాడు, ఫిఖ్ ఇచ్చాడు, తరిమివేతల జ్ఞాపకం ఇచ్చాడు. అటువంటి రచయితతో పోట్లాడొచ్చు. మాట ఉంటేనే కదా పోట్లాట. మాటని తీసేసి ఎడారినీ, ముసుగునీ, నమాజు లాంటి వంగడాన్నీ ఉంచుకున్నవాళ్లతో ఏమని పోట్లాడాలి?

2024 మార్చి 1న రెండో భాగం వచ్చింది. అసలు 2023 నవంబర్‌లో రావాల్సింది, నటుల సమ్మె వల్ల వాయిదా పడింది. అందులో మేం పుస్తకంలో చూడనిది ఒకటి చూశాం. ఫ్రెమెన్లని రెండుగా చీల్చారు. ఉత్తరాది కుర్రకారు ప్రశ్నించేవాళ్లు, దక్షిణాది తెగలు కళ్లుమూసుకుని నమ్మేవాళ్లు. స్టిల్గార్ దక్షిణాదివాడని, అతని యాసలోనే తెలుస్తుందని ఎగతాళి చేస్తారు. హాల్లో మేం పకపకా నవ్వాం. లక్నో, ఢిల్లీ ఉర్దూవాళ్ల దగ్గర మా దక్కనీ యాసకి జరిగే మర్యాద వేరే గ్రహం మీద కూడా తప్పలేదని! నవ్వు అయ్యాక ఆలోచన వచ్చింది. జిహాద్ మాట తీసేశారు సరే, చదువుకున్న మంచి ఫ్రెమెన్, మూఢుడైన చెడ్డ ఫ్రెమెన్ అనే విభజన ఎక్కడినుంచి తెచ్చారు? అది హెర్బర్ట్‌ది కాదు. మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని ఈ కాలం టీవీ చర్చలు నేర్పిన పాఠం అది.

'మహదీ' మాటని మాత్రం ఉంచారు. స్టిల్గార్ ఎక్కడ ఏ వింత చూసినా ఇది రాసిపెట్టి ఉందని మురిసిపోతుంటే ప్రేక్షకులు నవ్వారు. ఆ వేసవిలో 'లిసాన్ అల్ గైబ్' అని అరిచే ఆ ముఖం లోకమంతా మీమ్ అయింది. మా పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చింది. సిక్సర్ కొట్టిన బ్యాట్స్‌మన్ లిసాన్ అల్ గైబ్, పరీక్షలో గట్టెక్కిన దోస్తు లిసాన్ అల్ గైబ్. హాఫిజ్ షీరాజీ ఏమనుకునేవాడో. మేమైతే పిల్లల్ని కోప్పడలేదు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని మహదీ అనే మాట విని ఊరికే నవ్వడం కుదరదు. చంచల్‌గూడలో, ముషీరాబాద్‌లో మహదవీలు తరతరాలుగా ఉన్నారు. 15వ శతాబ్దంలో జౌన్‌పూర్‌లో పుట్టిన సయ్యద్ ముహమ్మద్‌నే మహదీగా నమ్మినవాళ్లు. బహదూర్ యార్ జంగ్ ఆ ఇంటివాడే. వాళ్ల లెక్కలో మహదీ వచ్చాడు, వెళ్లిపోయాడు. వాళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. వాళ్లతో ఏకీభవించని ముస్లింలు కోట్లమంది, అది వేరే సంగతి. ఒక నమ్మకానికి ఇన్ని లోపలి తేడాలు, ఇన్ని వాదాలు, ఇంత చరిత్ర ఉంటుందని ఆ సినిమా చూసి ఎవరికి తెలుస్తుంది?

మన తెలుగులో కూడా ఇటువంటి లోకాలు మొదలయ్యాయి. నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న వచ్చింది. ఇసుక కనపడగానే అభిమానులు 'డ్యూన్'తో పోల్చారు. మేం ఇసుక కంటే పేర్లు చూశాం. మహాభారతం నుంచి భవిష్యత్తుకి పోయే ఆ కథలో శోభన వేసిన పాత్ర పేరు మరియం. చిన్న విషయమే. తర్వాతి భాగం వార్తల్లో ప్రభాస్ డేట్ల గురించి, దీపికా పదుకోన్ తప్పుకోవడం గురించి తెలుగు పత్రికలన్నీ రాశాయి. మరియం పేరు ఎత్తినవాళ్లు మాకు కనపడలేదు. 29వ శతాబ్దంలో మనుషులు మిగిలితే వాళ్లలో మా పేర్లవాళ్లు ఉంటారా ఉండరా అన్నది కొందరికి ప్రశ్నే కాదు, మాకు అదే మొదటి ప్రశ్న.

'డ్యూన్' మూడో భాగాన్ని 2026 డిసెంబర్ 18కి ప్రకటించారు. దానికి మూలం 'డ్యూన్ మెసయ్య'. ఆ నవల నిండా ఉన్నది ఆ యుద్ధమే, దాని పేరు లేకుండా పేజీ కదలదు. విల్నవ్ మొదటి రెండు సినిమాల్లో 'పవిత్ర యుద్ధం' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటతో గడుపుకొచ్చాడు. అభిమానులు ఎవరు ఏ పాత్ర వేస్తున్నారు, పాల్ వయసు ఎంత చూపిస్తారు అని ఆరాలు తీస్తూ వచ్చారు. ఆ నవలలో మాకు గుర్తుండిపోయిన మనిషి పాల్ కాదు. మొదట్లో కాసేపు కనపడే ఒక ముసలి ఫ్రెమెన్ సిపాయి. పేరు ఫారోక్. మన వీధి చివర సైకిల్ షాపు పెట్టుకున్న ఫారూఖ్ భాయ్ అనుకోండి. ఎడారిలో పుట్టినవాడు, సముద్రమనేది ఒకటుంటుందని విని, దాన్ని చూడాలన్న కోరికతో జిహాద్‌లో చేరాడు. దూరపు గ్రహం మీద సముద్రం చూశాడు. అందులో దిగాడు. తాగి చూశాడు, నీళ్లు చేదు. బయటికి వచ్చేసరికి అతనిలోని జిహాద్ జ్వరం దిగిపోయింది. వీధి గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్లకి ఆ సంగతి చెబుతుంటాడు. సినిమాలో ఆ ముసలాయన నోరు విప్పితే, తాను నయమై బయటపడ్డ ఆ జబ్బుని ఏ పేరుతో పిలుస్తాడో వినాలని మేం ఖబర్లు చూస్తున్నాం.